కలంకారీ గుడ్డ మీద ఉన్నది ఎవరి ముఖం?

పాతబట్టల_పెట్టె

కలంకారీ అమ్మే ప్రతి చోటా ఒకటే మాట వినిపిస్తుంది: "వేల ఏళ్లుగా మారని మన కళ". ఈ "మారని" దగ్గరే నాకు పేచీ.

బందరు, పెడన గుడ్డల మీద తీగలు, పూలు, సైప్రస్ చెట్లు ఉంటాయి. కృష్ణా జిల్లాలో సైప్రస్ చెట్టు ఎవరైనా చూశారా? శ్రీకాళహస్తి గుడ్డ మీదేమో రాముడు, సీత, పది తలల రావణుడు, కింద తెలుగులో రాత. రెండు ఊళ్లలోనూ దాదాపు అవే రంగులు, గుడ్డకి ముందు పట్టించే అదే కరక్కాయ. బొమ్మలు మాత్రం రెండు వేరే లోకాలవి.

నా అనుమానం ఏమిటంటే, ఈ గుడ్డ ఏ కాలంలోనైనా కొనేవాడి సమాజాన్నే చూపించింది, చేసినవాడి సమాజాన్ని కాదు. కాదనేవాళ్లు ఉదాహరణలతో చెప్పండి. "మన సంస్కృతి గొప్పది" తరహా పోస్టులు మాత్రం వద్దు, దండం పెడతాను.

బందరు_లడ్డు

మంచి గొడవ మొదలుపెట్టారు. బందరు సంగతి వరకూ నేను మీ పక్షమే.

1600 ప్రాంతంలో బందరు అంటే గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. ఇరాన్ వర్తకులు అప్పటికే ఊళ్లో పాతుకుపోయి ఉన్నారు. 1605, 1606 నాటికి డచ్చివాళ్లు వచ్చి కోఠీ (వర్తక కేంద్రం) పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు. డచ్చివాళ్లకి నిజానికి కావలసింది మన గుడ్డ కాదు, ఇండోనేషియా దీవుల్లోని లవంగాలు, జాజికాయలు. అక్కడివాళ్లు వెండికన్నా మన కోస్తా గుడ్డకే మొగ్గు చూపేవారు. దాంతో బందరు గుడ్డ మసాలాలకి మారకం అయిపోయింది. సులవేసి దీవిలోని తొరాజా జనం అలా వచ్చిన గుడ్డల్ని తరతరాలుగా దాచుకుని, పవిత్రంగా చూసుకుంటూ కర్మకాండల్లో బయటికి తీస్తారు. జపాన్‌లో ఈ గుడ్డ ముక్కల్ని 'సరస' అని పిలిచి, టీ వేడుకలో వాడే సామాన్లకి సంచులు కుట్టుకున్నారు.

ఇక ఇరాన్‌కి వెళ్లే సరుకులో తీగలు, మిహ్రాబ్ (మసీదు గోడలో ప్రార్థన దిక్కు చూపే గూడు) కమాను, సైప్రస్. మీరు అడిగిన చెట్టు అక్కడిది. ఒకే పేటలో ఒకే చేతులు ఒక్కో ఓడకి ఒక్కో రకం గీశాయి. చేసినవాడికి తొరాజా ఎక్కడుందో తెలుసా? తెలియాల్సిన అవసరం లేదు. ఏ ఓడకి ఏ నమూనానో తెలిస్తే చాలు.

ఇంకొకటి. అచ్చులతో అద్దడమే బందరు పద్ధతి అని ఇప్పుడు అందరూ అనుకుంటారు గానీ, ఆ ఎగుమతి రోజుల్లో మేలురకం సరుకు బందరులోనూ కలంతోనే గీసేవాళ్లు. అచ్చుల రాజ్యం తర్వాత వచ్చింది.

స్వర్ణముఖి_ఒడ్డు

మాది శ్రీకాళహస్తి. ఇంట్లో పని ఇదే. పెట్టె గారూ, మీరు గుడ్డ మీది బొమ్మనే చూస్తున్నారు. మేము ముందు గుడ్డని చూస్తాం.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. గంజి పోయేదాకా ఉతికిన నూలు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతాం. గేదె పాలైతే మేలు. పాలలో కొవ్వు ఉంటే గీసిన గీత పక్కకి పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ వేసుకుంటాం. వెదురుపుల్ల కొనకి కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్ని రంగుని పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే వదులుతుంది. నల్లరంగుకి పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతాం. ఆ నీళ్లు చూస్తే నల్లగా ఉండవు. కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే నల్లబడతాయి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత చిరివేరులోనో మంజిష్ఠలోనో ఉడకబెడతాం. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఆపైన పారే నీళ్లలో ఉతకాలి. మా ఊళ్లో ఈ పని నిలబడడానికి సగం కారణం స్వర్ణముఖి. ఇప్పుడు ఏట్లో ఏడాదంతా నీళ్లు ఎక్కడ, అది వేరే ఏడుపు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, కొనేవాడు బొమ్మ మార్చగలడు, ఈ వరస మార్చలేడు. మీరు "చేసినవాడి సమాజం" ఎక్కడుందని అడిగారు. ఈ వరసలో ఉంది. ఎవరు ఉతకాలి, ఎవరు ఉడకబెట్టాలి, కలం ఎవరి చేతిలో ఉండాలి, ఇంట్లో ఆడవాళ్లు ఏ పని దాకా రావచ్చు, అన్నీ దీన్నిబట్టే నడిచాయి.

ఇక మా రామాయణం గుడ్డలు గుడికి, రథానికి, జాతరకి వేసినవి. కొన్నది ఊరూ, గుడీ. ఆ కొన్నవాళ్లు పరాయివాళ్లు కాదు కదా?

డచ్చి_వాన

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. ఇక్కడ ఉత్తరాన ఫ్రీస్లాండ్ అనే ప్రాంతంలో హిందెలోపెన్ అని చిన్న ఓడరేవు ఊరు ఉంది. ఆ ఊరి ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లో పొడవాటి కోటు ఒకటి ఉంటుంది, పేరు వెంత్‌కె. దానికి వాడిన గుడ్డ చాలావరకు కోరమాండల్, అంటే మన తూర్పు తీరం నుంచి వచ్చిన పూల గుడ్డే. ఎరుపు ఎక్కువున్నది మామూలు రోజులకి, పండగలకి. ఇంట్లో చావు జరిగితే నీలం, తెలుపు. మనిషి పోయి ఎన్నాళ్లయిందో, ఎంత దగ్గరి చుట్టమో కోటు చూస్తే ఊరికి తెలిసిపోయేదట. లీవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో ఈ గుడ్డలు చాలా ఉన్నాయి.

అంటే వాళ్ల ఊరి గుర్తింపు మన తీరంలో గీసిన పూలతో తయారైంది. ఇక్కడ దాన్ని ఎవరూ "ఇండియా గుడ్డ" అనుకోరు, మా అమ్మమ్మల గుడ్డ అనే అనుకుంటారు. అలాంటప్పుడు సైప్రస్ చెట్టు ఇరాన్‌ది కాబట్టి బందరు గుడ్డ మనది కాదనడం నాకు మింగుడు పడట్లేదు. రెండు మూడు వందల ఏళ్లు వాడుకుంటే డచ్చివాళ్లది అయిపోయింది, గీసినవాళ్లది కాకుండా పోయిందా?

పాతబట్టల_పెట్టె

@డచ్చి_వాన, "మనది కాదు" అని నేను అనలేదండీ. ఎవరి ముఖం కనిపిస్తోందని అడిగాను, అంతే. కోటు కథ మాత్రం అద్భుతం. మీ ఉదాహరణ నా వాదనకే బలం అనిపిస్తోంది. ఆ నీలం పూలలో కనిపించేది ఫ్రీస్లాండ్ చావు ఆచారం. అదే ఏడాది బందరులో ఎవరింట్లో చావు జరిగిందో గుడ్డ చెప్పదు.

@స్వర్ణముఖి_ఒడ్డు గారూ, పని వరస గురించి మీరన్నది బాగుంది. దాని మీద ఇంకా రాయండి.

గోల్కొండ_బాల్కనీ

అందరూ ఎగుమతి సరుకే మాట్లాడుతున్నారు. గోల్కొండ దర్బారు కోసం చేసిన గుడ్డల సంగతేంటి?

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో 1610-1640 మధ్య కాలానిదని చెప్పే ఏడు భాగాల పెద్ద తెర ఉంది. ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, తప్పకుండా చూడండి. ఒక్కో భాగంలో ఒక్కో రకం మనుషులు. టోపీలు పెట్టుకున్న యూరప్ వాళ్లు, దర్బారు జనం, ఆగ్నేయాసియా వాళ్లు, మన వైపు ఆడవాళ్లు. ఎవరి బట్ట వాళ్లది, ఎవరి జుట్టు వాళ్లది, ఎవరి కూర్చునే తీరు వాళ్లది. బందరు రేవులో దిగే లోకమంతా ఒక గోడకి వేలాడుతున్నట్టు ఉంటుంది. అది గీసినవాడు యూరప్‌వాడిని కళ్లారా చూశాడా, ఇంకో బొమ్మ చూసి వేశాడా అని పండితులు కొట్టుకోనీ. నాకు నచ్చింది ఆ చూపు. ఎదుటివాడి బట్టల్ని అంత శ్రద్ధగా, కాస్త వింతగా చూసే చూపు ఉంది చూశారా, అది కొనేవాడి ఆర్డరులో రాసి ఉండదు.

దానికన్నా వెనక్కి పోతే లేపాక్షి. 1530ల నాటి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ల చీరల మీద ఎన్ని రకాల అద్దకాలు, గళ్లు, చారలు! మగవాళ్ల తలల మీద పొడుగు కుళ్లాయిలు. ఆ కుళ్లాయి తురక దర్బారుల నుంచి విజయనగరం తీసుకున్న వేషం. అంతకు వందేళ్ల ముందే, శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువులో ఆయన రాజదర్శనం కోసం కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోతాడు కదా. శివుడి గుడి పైకప్పు మీద ఆ టోపీ ఏ మొహమాటం లేకుండా కూర్చుంది. "మారని సంప్రదాయం" అనేవాళ్లని అక్కడికి తీసుకెళ్లి మెడ ఎత్తి చూడమనాలి.

కాగితం_పడవ

ఒక ప్రశ్న. ఇంత చరిత్రలో ఒక్క గీసినవాడి పేరైనా చెప్పారా ఎవరైనా? సుల్తాను పేరు తెలుసు, కంపెనీ పేరు తెలుసు, కోటు వేసుకున్న ఊరి పేరు కూడా తెలుసు. కలం పట్టినవాడు మాత్రం ఎవడో. పాశ్చాత్య చిత్రకారుల గురించి చదివితే మూడు వందల ఏళ్ల కిందటివాడి అప్పుల చిట్టాతో సహా దొరుకుతుంది.

సమాజాన్ని కళ ఎలా చూపిస్తుందని అడిగారు కాబట్టి నా జవాబు ఇదీ: పేరు లేకపోవడమే ఇందులో కనిపించే సమాజం. కులవృత్తి చేసేవాడికి పేరు అక్కర్లేదనుకున్న సమాజం.

బందరు_లడ్డు

పడవ గారూ, పేరు కాదు గానీ ఆ మనుషుల జాడ ఒక చోట ఉంది. కేర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాద్రీ 1742లో ఈ రంగుల పని మొత్తం ఉత్తరంలో వివరంగా రాసి ఫ్రాన్సుకి పంపాడు. తమ మతంలో కలిసిన అద్దకపువాళ్లను అడిగి తెలుసుకున్నాడు. ఈయన తెలుగు కూడా బాగా నేర్చినవాడు, తెలుగు నిఘంటువు పని చేశాడు. గురువుగా నమ్మి చెప్పిన రహస్యం సముద్రం దాటి పరిశ్రమ చేతికి వెళ్లింది. వాళ్ల పేర్లు ఆయనా రాయలేదు.

అప్పటికి యూరప్‌లో ఈ గుడ్డ పెద్ద రాజకీయం. మన గుడ్డ దెబ్బకి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపుతూ చట్టం చేసింది, 1721 చట్టంతో ఒంటి మీద వేసుకోవడం కూడా నేరమైంది. మధ్యలో 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో పూల గుడ్డ గౌను కనిపిస్తే ఆడవాళ్ల ఒంటి మీదే చింపేశారు, యాసిడ్ లాంటివి పోశారు. బందరు పక్కన ఏదో పేటలో గీసిన పువ్వు లండన్‌లో ఒక ఆడమనిషిని దేశద్రోహిని చేసింది!

డిజైన్ సంగతి కూడా చెప్పాలి. 1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్‌కి ఉత్తరం రాస్తూ, ఎర్ర నేల (బొమ్మల వెనక రంగు) దుప్పట్లు ఇక్కడ పోవట్లేదు, తెల్ల నేల ఎక్కువ ఉండాలి అన్నారు. తర్వాత తర్వాత నమూనాలే పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు "జీవవృక్షం" అని మనం గోడకి తగిలించుకునే చెట్టులో ఇరాన్ కొమ్మ ఉంది, చైనా రాళ్లూ పూలూ ఉన్నాయి, ఇంగ్లీషు కుట్టుపని ఆకులు ఉన్నాయి. తూర్పు దేశం ఎలా ఉంటుందని లండన్‌వాడు ఊహించుకున్నాడో ఆ ఊహని మనవాడు గీసి పంపాడు.

కావేరి_కోడలు

నేను పుట్టింది గుంటూరు, మెట్టింది కుంభకోణం పక్క. ఇక్కడ తంజావూరు జిల్లాలో సిక్కల్‌నాయక్కన్‌పేట అని ఊరు ఉంది. అక్కడ కలంకారీ చేసే కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నాయక రాజుల కాలంలో వచ్చామని చెప్పుకుంటారు. వాళ్లు వేసేది గుడికి కావలసిన సరుకు: పందిరి పైకప్పు గుడ్డలు, రథానికి గుండ్రంగా గొట్టంలా వేలాడే తొంబైలు, వాకిలి తోరణాలు. తంజావూరు మరాఠా రాజుల ఇళ్ల ఆడవాళ్ల కోసం నేసిన కరుప్పూరు చీరల్లో జరీ మీద ఇలాంటి రంగుల పనే ఉండేది. రాజులు పోయారు, చీరలూ పోయాయి. గుడి ఉంది కాబట్టి తొంబై మిగిలింది.

వాళ్లది తెలుగు కళా, తమిళ కళా? 2021లో "కరుప్పూరు కలంకారీ" పేరుతో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు తమిళనాడు ఖాతాలో పడింది. ఆ ఇంటి పెద్దాయన్ని అడిగితే "గుడి వాళ్లు డబ్బులు టైముకి ఇస్తే ఏ ఖాతా అయినా ఒకటేనమ్మా" అన్నాడు. ఆయన తెలుగు మాత్రం వినాలి, మా అత్తవారికి అర్థం కాని మాటలు నాకు కూడా సగమే అర్థమయ్యాయి!

స్వర్ణముఖి_ఒడ్డు

పడవ గారన్న పేరు విషయానికి వస్తాను. మా ఊళ్లో పేర్లు బయటికి వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే. పని దాదాపు ఆగిపోయిన రోజుల్లో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పట్టుబట్టి ఆలిండియా హ్యాండీక్రాఫ్ట్స్ బోర్డు తరఫున 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టించారు. నేర్పినవారు జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు. ఆయన కుమారుడు గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. స్టైపెండు ఇచ్చి నేర్పే కేంద్రం కాబట్టి ఇంటి కులంతో పని లేకుండా పిల్లలు వచ్చి చేరారు. తర్వాత ఆడపిల్లలు వచ్చారు. ఈవేళ మా పేటల్లో కలం పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. రావణుడి మీసం గీసేది ఇంటర్ చదివిన అమ్మాయి. మా తాతకి ఈ దృశ్యం చూపిస్తే కలం కింద పడేసేవాడు.

బొమ్మలు కూడా అప్పుడే మారాయి. గుడికి వేసేటప్పుడు గుడ్డ నిండా వరసలు, వరసల నిండా కథ, కింద తెలుగులో వివరం, గుడ్డంతా నడిచి చదవాలి. అలాంటి పాత రామాయణం గుడ్డ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా ఉంది. ఎంపోరియంలో కొనేవాడికి అంత గోడ లేదు, తెలుగు చదవడం రాదు. దాంతో ఒక్క గణేశుడు, ఒక్క కృష్ణుడు, చుట్టూ అంచు. రాత పోయింది. బుద్ధుడు వచ్చాడు, క్రీస్తు జీవితం వచ్చింది. నన్నడిగితే మా గుడ్డ మీద జరిగిన అసలు మార్పు ఇది. కథ పోయి దేవుడు మిగిలాడు. దీని గురించి ఎవరూ రాయరు, రసాయన రంగుల గురించి మాత్రం అందరూ ఏడుస్తారు.

గోల్కొండ_బాల్కనీ

"కథ పోయి దేవుడు మిగిలాడు" మస్తు చెప్పారు అన్నా. అయితే రసాయన రంగుల మీద ఏడవకూడదంటారా?

స్వర్ణముఖి_ఒడ్డు

ఏడవండి తమ్ముడూ, తప్పులేదు. కానీ అది నిన్న మొన్నటిది కాదు. చిరివేరులో ఉండే ఎరుపుని జర్మనీలో 1868లోనే ప్రయోగశాలలో తయారు చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు అమ్మకానికి వచ్చింది. నీలి తొట్టె పెట్టి పులియబెట్టి కాపాడడం ఎంత చాకిరీయో చేసినవాడికి తెలుసు. డబ్బాలో వస్తుంటే ఎవడు వద్దంటాడు? బందరుకి దీనికి తోడు 1864 తుపాను. ముప్పై వేల మంది దాకా పోయారు. ఊరే తుడిచిపెట్టుకుపోతే పని తెలిసిన చేతులు ఎన్ని మిగులుతాయి?

చీరపిచ్చి

నేను సాదా కొనుగోలుదారుని. మీరంతా నన్నే తిడుతున్నట్టుంది, సరే.

మా అమ్మ తరంలో కలంకారీ చీర అంటే లెక్చరర్లు, రేడియోలో పనిచేసేవాళ్లు, ఉద్యమాల్లో తిరిగేవాళ్లు కట్టుకునేది. "నేను పట్టుచీర మనిషిని కాదు" అని చెప్పడానికి. ఇప్పుడు నా ఆఫీసులో శుక్రవారం కుర్తీల్లో సగం కలంకారీ ప్రింటే. పెళ్లిలో జాకెట్టు కలంకారీ, ఫోన్ కవరు కలంకారీ, మాస్కుల రోజుల్లో అదీ కలంకారీ. అందులో చాలావరకు స్క్రీన్ ప్రింటు, ఎక్కడో మిల్లులో కొట్టింది. ఒకసారి పెద్ద షాపులో "చేత్తో గీసింది" అని చెప్పి అంటగట్టారు, ఇంటికొచ్చి చూస్తే అన్ని నెమళ్లకీ ఒకే చోట ఒకే చుక్క.

అమెరికాలో ఉన్న మా చెల్లి తెలుగు సంఘం సంక్రాంతికి కలంకారీయే కడుతుంది. "ఇది చూస్తే తెలుగువాళ్లమని తెలుస్తుంది" అంటుంది. పట్టుచీర కడితే తమిళులా కన్నడిగులా అని అడుగుతారట. కాబట్టి ఇప్పటి కొనేవాడి ముఖం నేనూ మా చెల్లీ. బాగుందో లేదో మీరే చెప్పండి.

కాగితం_పడవ

బాగానే ఉంది చీరపిచ్చి గారూ, తిట్టట్లేదు. కానీ మీ చెల్లెలి చీర మీద సైప్రస్ చెట్టు ఉందేమో అడగండి 😄

డచ్చి_వాన

ఉంటే మాత్రం ఏం? ఇరానీ చెట్టు కట్టుకుని తెలుగుదనం చెప్పుకుంటోంది, హిందెలోపెన్ ఆడవాళ్లు తెలుగు పూలు వేసుకుని ఫ్రీస్లాండ్‌దనం చెప్పుకున్నట్టే. నాకు ఇందులో వెక్కిరించాల్సింది కనిపించట్లేదు.

పాతబట్టల_పెట్టె

ఇప్పటిదాకా చదివాక నా వాదన కొంచెం సవరించుకుంటున్నాను. కొనేవాడి ముఖం బొమ్మలో ఉంది, చేసేవాడి ముఖం పనిలో ఉంది. బ్రూక్లిన్ తెరలాంటి చోట్ల రెండూ కలుస్తాయి. స్వర్ణముఖి గారూ, ఇప్పుడు మీకు ఎలాంటి ఆర్డర్లు వస్తున్నాయి? గీసినవాళ్ల పేరు గుడ్డ మీద వేస్తారా?

స్వర్ణముఖి_ఒడ్డు

పూజగది వెనక గోడకి కొలతలు పంపి వేయమంటారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు సీతారామకల్యాణం కింద రాయమంటారు, అది ఇంగ్లీషులో కావాలంటారు. ఒకాయన తన ఆర్కిటెక్టు ఇచ్చిన సోఫా రంగు కార్డు పంపి, హనుమంతుడి ఆకుపచ్చ దానికి కలవాలన్నాడు. మేము హనుమంతుడికి ఎప్పుడూ వేసేది ఆకుపచ్చే కాబట్టి బతికిపోయాం.

పేరు వేస్తాం. కింద కుడి మూల చిన్నగా, గీసిన అమ్మాయి పేరు. ఫ్రేము కట్టేవాడు ఆ మూల లోపలికి మడిచేస్తే మేమేం చేయలేం. ఈ మధ్య రెండంగుళాలు పైకి జరిపి వేస్తున్నాం.

చీరపిచ్చి

స్వర్ణముఖి గారూ, అమ్మాయి పేరున్న గుడ్డ నాకు ఒకటి కావాలి. కథ ఉన్నది, కింద తెలుగు రాతతో. గోడ ఉంది నా దగ్గర. ధర, నంబరు ఇక్కడ పెట్టగలరా?

మోడరేటర్

ఫోన్ నంబర్లు, ధరలు బహిరంగంగా పెట్టకండి, విడిగా మెసేజ్ చేసుకోండి. చర్చ కొనసాగించవచ్చు.